దొరల దేశంలో బుట్ట దయ్యం

దొరల దేశంలో దయ్యాలు లేవని నాకు మొదట చెప్పినవాడు కడపలో ఒక ప్లీడరు. మా సంస్కరణ సభలో బల్ల గుద్ది చెప్పాడు: "పాశ్చాత్యుడు కంటికి కనిపించినదే నమ్ముతాడు. మనమో, కనిపించనిదానికి కోడిని కోస్తాము." అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే. ఆ మరుసటి ఏడే కంటివైద్యం నేర్చుకోవడానికి వియన్నాకు ఓడెక్కాను.

చదువు ముగించుకొని రాయచోటికి తిరిగి వచ్చినప్పటినుంచి అందరూ అడుగుతున్నది ఒకటే: అక్కడ ఏం చూశావు? ఆసుపత్రులు చూశాను, రాజులు లేని రాజభవనాలు చూశాను. వాటి సంగతి వెళ్ళొచ్చినవాళ్ళందరూ రాస్తున్నారు. వాళ్ళు రాయనిది ఒకటి నేను చూశాను. ఒక దయ్యాన్ని చూశాను. దాని చేత దెబ్బలు కూడా తిన్నాను.

ఇది చదివి ప్లీడరుగారు నొచ్చుకుంటారు. మా వీధి శాస్త్రులుగారు "చూశావా, వాళ్ళకూ ఉన్నాయి" అని మురిసిపోతారు. ఇద్దరికీ నా మనవి ఒకటే. నొచ్చుకోవడమూ మురవడమూ చివరిదాకా చదివిన తర్వాత పెట్టుకోండి.

మూడో తరగతి పెట్టె

ఆ దయ్యాన్ని చూసిన ప్రయాణంలో నాతో వచ్చినవాడు గౌసు. కర్నూలు పక్కన కల్లూరువాడు. వాళ్ళది తోళ్ళ వ్యాపారం. మన తంగేడు చెక్కతో తోలు పదును చేయడానికి నెలలు పట్టే పనిని మందులతో రోజుల్లో ముగించే విద్య నేర్చుకోవడానికి వియన్నా వచ్చాడు. అంత పెద్ద ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళం మేమిద్దరమే. అందుచేత పోట్లాడుకున్నా మాట్లాడుకోవడం మానలేకపోయేవాళ్ళం.

ప్రయాణానికి కారణం మా అద్దె ఇంటి యజమానురాలు. ఆమె చెల్లెలు మరియా కొండల్లో ఒక చిన్న ఊళ్ళో ఉంటుంది. భర్త పోయాడు. లీనా అని ఏడేళ్ళ కూతురు. "నా చెల్లెలి కూతురికి ఒంట్లో బాగాలేదు. క్రాంపుస్ పండుగ దగ్గరపడే కొద్దీ తిండి మానేసింది. నువ్వు డాక్టరువి, ఒకసారి చూసి రా" అని ఆమె అడిగింది. డిసెంబరు మూడో తేదీ ఉదయం బయలుదేరాము.

"ఏందప్పా ఆ పండగ పేరు?" అన్నాడు గౌసు రైలు కదలగానే.

"క్రాంపుస్. ఒళ్ళంతా మేకతోలు, నెత్తిన కొమ్ములు, నడుముకు గంటలు, వీపున బుట్ట. ఇంటింటికీ వచ్చి అల్లరి పిల్లల్ని బరికెలతో కొడతాడు. మరీ అల్లరైతే బుట్టలో వేసుకొని పోతాడని చెబుతారు."

"అంటే మన కొరడావాని మాదిరి."

తెలియనివారికి చెబుతాను. మా వైపు ఊళ్ళలో అమ్మవారి పెట్టె నెత్తిన పెట్టుకొని ఒక ఆడమనిషి, వెనక గజ్జెలు కట్టుకొని ఒక మగమనిషి వస్తారు. అతను కొరడాతో తన ఒళ్ళు తానే కొట్టుకుంటాడు. ఇంటామె చాటలో జొన్నలు తెచ్చి పోసేదాకా కొట్టుకుంటూనే ఉంటాడు.

"సాయిబుల ఇంటి ముందరకు కూడా వచ్చేవాడా?" అన్నాను.

"రాకేం! మాయమ్మ చేటెడు జొన్నలు ఏసేది. గింజలు పడంగానే ఠక్కున నిలిపి పక్కింటికి పోతాడు. ఏయకుంటే ఆ గజ్జెల మోతకు ఇంట్లో ఉండలేమప్పా."

తేడా నాకు అప్పుడు తట్టింది. మన కొరడావాడు తన వీపు మీద కొట్టుకొని మనల్ని గింజలు అడుగుతాడు. వాళ్ళ దయ్యం మన వీపు మీద కొట్టి ఏమీ అడగదు. నాగరికత ముదిరే కొద్దీ కొరడా తన వీపు విడిచి ఎదుటివాడి వీపు వెతుక్కుంటుందని నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇంకో పెద్ద తేడా మా యజమానురాలు చెప్పింది. నియమం ప్రకారం క్రాంపుస్ ముందు తెల్లగడ్డం సాధువొకడు నడవాలి, మంచి పిల్లలకు ఆపిల్ పండ్లు పంచాలి. ఈ ఊళ్ళో సాధువు వేషానికి కొన్నేళ్ళుగా మనిషి దొరకడం లేదట. దయ్యం వేషానికి మాత్రం పోటీ.

ఇద్దరు దయ్యాలు దిగిన ఇల్లు

స్టేషను నుంచి ఊరికి మంచులో గంట నడక. కడప ఎండలో చెప్పుల్లేకుండా నడిచినవాణ్ణి, మంచు ఏంచేస్తుందిలే అనుకున్నాను. అదీ కాలుస్తుంది. దారిలో గౌసు బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. తోళ్ళ విద్య నేర్చుకోవడానికి సముద్రం దాటినవాడు ఒక కాలికి తువ్వాలు చుట్టుకొని ఆ ఊళ్ళోకి కుంటుకుంటూ ప్రవేశించాడు.

తలుపు తట్టాము. తీసింది ఆ పాపే. సందె వెలుగులో వాకిట్లో ఇద్దరు నల్లటి మనుషులు, వీపున మూటలు. మమ్మల్ని పైనుంచి కిందికి చూసి కేక పెట్టింది:

"అమా! ఇద్దరొచ్చినారు! ఈసారి ఇద్దరు!"

పరుగెత్తి ఇంటి వెనక గడ్డికొట్టంలో దూరింది. దయ్యాలు లేవని చెప్పడానికి వచ్చినవాణ్ణి నేనే దయ్యమై దిగాను.

ఇక్కడ ఒక మాట. ఈ కొండవాళ్ళ జర్మను వింటే వియన్నావాళ్ళు నవ్వుతారు. మద్రాసు హాస్టల్లో మా సీమ మాట విని సర్కారు జిల్లాలవాళ్ళు నవ్వినట్లే. అందుకని వీళ్ళ మాటల్ని నేను మా మాటల్లోనే రాస్తున్నాను. వీళ్ళ నోట కృష్ణాతీరపు తెలుగు పెడితే అబద్ధమవుతుంది.

మరియా పిల్లను బుజ్జగించి తీసుకొచ్చింది. ఎముకల మీద చర్మం కప్పినట్లున్న పిల్ల. కళ్ళు మాత్రం చురుకు.

"మీ బుట్టలు యాడ పెట్టినారు?" అంది.

"మాకు బుట్టలు లేవు పాపా" అన్నాను.

"కడుక్కుంటే మసి పోతాదా?"

"ఇది మసి కాదు. మా ఊళ్ళో అందరమూ ఇంతే."

ఆమె వేలు తడి చేసుకొని గౌసు చెంప మీద రుద్ది, ఆ వేలిని దీపం దగ్గర పెట్టి చూసుకుంది. అంటలేదు. మా సంఘంలో ఇరవై ఏళ్ళుగా సభ్యులైనవాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా పరీక్షించి ఒక విషయాన్ని నమ్మడం నేను చూడలేదు.

గౌసు తెలుగులో నాతో అన్నాడు: "అన్నం తినకుంటే సాయిబు వచ్చి సంచిలో ఏసుకొని పోతాడని మీయమ్మ చెప్పలేదా నీకు?"

"చెప్పింది."

"మాయమ్మ నాకు బైరాగిని చూపిచ్చేది. జడలోడు గోనెలో కుక్కుకొని పోతాడని."

ఒకరి దయ్యం ఒకరై పెరిగిన మేమిద్దరం అలా ఒకే పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ కూర్చున్నాము.

పిల్ల పక్క గదిలోకి పోయాక మరియా అసలు సంగతి చెప్పింది. నిరుడు క్రాంపుస్ వచ్చి పిల్లను రెండు దెబ్బలు వేసి, బుట్టలోకి ఎత్తబోయాడు. ఇరవై రోజులు జ్వరం. నెలన్నర మాట లేదు. నేను పిల్ల నాడి చూశాను, గుండె విన్నాను. గోళ్ళు మాంసం దాకా కొరుక్కొని ఉంది. ఇంకొకసారి అంత జడుపు తగిలితే ఏమవుతుందో చెప్పలేనని మరియాతో అన్నాను.

"తలుపు తీయకండి, సరిపోతుంది."

"తియ్యకుంటే ఎట్లప్పా?" అంది ఆమె. "తలుపు తియ్యని ఇంట్లో పాపం ఉండాదంటారు. నాకుండేది రెండావులు. పొద్దున ఊరంతా తిరిగి పాలు పోస్తా. పాపం ఉండే ఇంటి పాలు ఎవురు కొంటారు?"

"అయితే తీయండి. గడపలో నేను నిలబడతాను. వాడి ముసుగు నా చేత్తో పీకి, అది మనిషేనని పాపకు చూపిస్తాను."

ఈ మాట అంటున్నప్పుడు నా గొంతు సభలో మాదిరిగా మోగిందని గౌసు తర్వాత చెప్పాడు.

సంగటి, బూటు, పంతులుగారి కాఫీ

మరునాడు ఉదయం ఆ ఇంటి తిండి చూసి మేమిద్దరం ఒకేసారి నవ్వాము. మొక్కజొన్న పిండిని మరుగుతున్న నీళ్ళలో వేసి కట్టెతో గెలికి ముద్ద చేసింది మరియా. మన సంగటే! దాంట్లోకి పాలు పోసిచ్చింది. గౌసు తన మూటలోంచి వాళ్ళమ్మ పంపిన ఎండుమిరప కారం తీసి ముద్దలో అద్దుకున్నాడు. మరియా మొహమాటపడక ఒక చెంచాడు నోట్లో వేసుకుని, బయటికి పరుగెత్తి పిడికెడు మంచు తిన్నది. మాంసం మాత్రం ఆ ఊళ్ళో పందిదే. గౌసు తినడు. నేను సిద్ధాంతం ప్రకారం ఏదైనా తింటాను గాని, నా కడుపు మా సంఘంలో ఇంకా సభ్యత్వం తీసుకోలేదు. గుడ్లు అడిగాము. ఒక గుడ్డు వెలకు పత్తికొండ సంతలో కోడిపెట్టనే కొనవచ్చు.

చెప్పులు కుట్టే ఫ్రాంజ్ దగ్గరికి బూటు తీసుకొని వెళ్ళాము. తలుపంత మనిషి, దూదిలాంటి మాట. ఇతని కొండ జర్మనులో గౌసుకు అర్థమయ్యేవి ఇరవై మాటలు కూడా లేవు. అయినా గంటసేపు తోలు వాసన చూసుకుంటూ, అంచులు పంటితో కొరికి చూసుకుంటూ మాట్లాడుకున్నారు. వచ్చేటప్పుడు, బాగుచేయడానికి మరియా ఇచ్చిన లీనా చిన్న బూట్లు కూడా ఇచ్చాడు. కొత్త అడుగులు వేశాడు, డబ్బు వద్దన్నాడు.

"ఆ పాప ఎట్లుండాది?" అని అడిగాడు, దారానికి మైనం రాస్తూ, తల ఎత్తకుండా.

సాయంత్రం బడిపంతులుగారు మమ్మల్ని కాఫీకి పిలిచాడు. ఊళ్ళో పత్రిక తెప్పించుకునేవాడు ఆయనొక్కడే. నేను సూటిగా అడిగాను: "మీరు క్రాంపుస్‌ను నమ్ముతారా?"

ఆయనది శుద్ధమైన గ్రంథభాష. "నేను విద్యావంతుడను. నేనెట్లు నమ్ముదును?"

"మరి ఆపరేం?"

"నేను నమ్మను. పిల్లలు నమ్ముట మంచిది. భయము లేనిచో క్రమశిక్షణ యెక్కడిది?"

ఈయన్ను చూడడానికి అంత దూరం పోనక్కరలేదు. కడపలో ఈయన కోర్టుకు పోతాడు, కర్నూలులో కాలేజీలో పాఠం చెబుతాడు. తాను దేన్నీ నమ్మడు, ఇంట్లో ఆడవాళ్ళూ పాలేర్లూ మాత్రం నమ్ముతూ ఉండాలి. మొక్కేవాడితో నాకు పోట్లాట లేదు. పక్కవాడి చేత మొక్కించేవాడితోనే నా పోట్లాట.

లేచేటప్పుడు ఆయన చమత్కారంగా అన్నాడు: "రేపు మీరిద్దరును వేషము గట్టినచో మాకు మసి ఖర్చు మిగులును."

నేను మండిపడబోయాను. గౌసు నా మోచేయి నొక్కి, తనకొచ్చిన జర్మనులో నిదానంగా అన్నాడు: "సాధువు వేషానికి మీకు మనిషి లేడంట గదా. మీరు కట్టండి. మీకు సున్నం ఖర్చు మిగుల్తాది."

డిసెంబరు అయిదు

అక్కడ ఆ నెలలో నాలుగున్నరకే పొద్దు వాలుతుంది. అయిదింటికి ఊరి దిగువన గంటలు మొదలయ్యాయి. ఆవుల మెడలో కట్టేవి, ఒక్కొక్కటి చెంబంత. ఒక ఇంటి దగ్గర ఆగుతాయి, పిల్లల ఏడుపు వినిపిస్తుంది, మళ్ళీ మోగుతాయి. లీనా బల్ల కిందికి దూరి మోకాళ్ళలో తల పెట్టుకుంది. ఆమె పళ్ళు కటకటలాడడం నాకు వినిపిస్తూనే ఉంది. బల్ల మీద మరునాటి సంగటికి కొలిచిపెట్టిన సేరు పిండి ఉంది.

నేను గడప దగ్గర నిలబడ్డాను. నాలుగు జర్మను వాక్యాలు తయారు చేసుకున్నాను. మొదటిది ఇది: "నీవు దయ్యానివి కావనీ, ఒక పసిబిడ్డ ప్రాణంతో ఆడుకుంటున్న మనిషివనీ నేను ఈ ఇంటి ముందు ప్రకటిస్తున్నాను."

మరియా తలుపు తీసింది.

వాకిలి నిండిపోయింది. కొమ్ములు ద్వారబంధానికి గీసుకున్నాయి. చెక్కతో చెక్కిన ముఖం, గడ్డం దాకా వేలాడే ఎర్రటి నాలుక, నోట్లోంచి నిజంగా పొగలు. అది చలిలో ఊపిరి అని నాకు తెలుసు. తెలిసినా నా కాళ్ళు నాకు చెప్పకుండానే రెండడుగులు వెనక్కి వేశాయి. ఈ సంగతి రాయకుండా దాటేయవచ్చు. కానీ భయాల మీద యుద్ధం చేస్తానని బయలుదేరినవాడు తన భయాన్ని దాచుకుంటే ఆ యుద్ధం ఎవరికోసం?

వాక్యం మొదలుపెట్టాను. ఆ భాషలో ఇలాంటి వాక్యాలకు క్రియ చివర వస్తుంది. నా క్రియ వచ్చేలోపల వాడి బరికె నా పిక్కల మీదికి వచ్చింది. ఎగిరి కొమ్ము పట్టుకొని లాగాను. మంచి పనివాడు కుట్టిన పట్టీ, ఊడలేదు. ఒక్క విదిలింపుకు నేను పోయి కట్టెల కుప్ప మీద పడ్డాను. తర్వాతి దెబ్బ గౌసు తొడ మీద పడింది. దయ్యం బల్ల వైపు వంగింది.

"లీనా" అంది, కుండలోంచి మాట్లాడినట్లు.

అప్పుడు గౌసు చేసిన పని మా రెండు జిల్లాలవాడు తప్ప ఇంకెవడూ చేయడు. ఎందుకు చేశాడో తనకే తెలియదట. "గంటలు మోగినాయి, దెబ్బ పడె. చెయ్యి దానంతట అదే పాయ" అని తర్వాత అన్నాడు. బల్ల మీది పిండి గిన్నె ఎత్తి, దయ్యం వెనక్కి పోయి, మొత్తం ఆ బుట్టలో కుమ్మరించి, అచ్చమైన తెలుగులో అన్నాడు:

"తీసుకోప్పా! తీసుకొని పక్కింటికి పో!"

పిండి తెల్లగా లేచింది. గంటలు ఆగిపోయాయి. దయ్యం చెయ్యి వెనక్కి పెట్టి బుట్టలో తడిమి, ఆ చెయ్యి ముఖం ముందు పెట్టుకొని చూసింది. ఖాళీ గిన్నె వైపు చూసింది. మరియా వైపు చూసింది. లోపలినుంచి ఏదో అంది, మాకు సరిగా వినపడలేదు. అప్పుడు రెండు చేతులతో ముసుగు నెత్తిమీదికి తోసుకుంది.

ఫ్రాంజ్.

"అయ్యో, ఇదేం పనప్పా?" అన్నాడు గౌసుతో. "మరియా ఇంటి పిండి నాకెందుకు? పాప తినేది గదా ఇది!"

బిడ్డను ఎత్తుకుపోవడానికి వచ్చినవాడు సేరు పిండి ఎత్తుకుపోవడానికి సిగ్గుపడ్డాడు.

నేను కట్టెల మీదినుంచి లేచి నా రెండో వాక్యం అందుకోబోయాను. "కూసోప్పా నువ్వు" అన్నాడు గౌసు.

బల్ల కిందినుంచి లీనా బయటికి వచ్చింది. వణుకుతూనే వచ్చింది. ఫ్రాంజ్ మోకాలి దగ్గర నిలబడి తల ఎత్తి చూసింది.

"ఫ్రాంజ్ మామా. నిరుడు కూడా నువ్వేనా?"

"నేనే పాపా."

"నేను పాలచెంబు పారేసుకొనింది నీకెట్ల తెలిసె? ఆ మాట జెప్పే గదా నన్ను కొట్టినావు. నేను ఎవురికీ చెప్పలేదే. అమ్మకు తప్ప."

పండుగకు వారం ముందే తల్లిదండ్రులు పిల్లల తప్పులు వేషగాడికి చాటుగా చెప్పడం అక్కడ ఆచారం. దయ్యానికి అన్నీ తెలుసునని పిల్లలు హడలిపోయేది అందుకే. ఫ్రాంజ్ మరియా వైపు చూశాడు. లీనా కూడా అటే చూసింది.

మరియా గోడకు ఆనుకొని కూలబడింది. "నేనే చెప్పినా. అందరూ చెప్తారు. చెప్పకుంటే, నీ బిడ్డ ఒగతే బంగారా అంటారు. ఊరికి భయపడితి పాపా."

దయ్యంతో వాదించడానికి నేను నాలుగు వాక్యాలు తీసుకుపోయాను. దయ్యం లేకుండా పోయింది. గదిలో ఒక తల్లి, ఒక చెప్పులు కుట్టే మనిషి, ఒక బిడ్డ మిగిలారు. వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఒక్క వాక్యమూ లేదు.

ఫ్రాంజ్ బుట్ట దించి, పిండిని పిడికిళ్ళతో తిరిగి గిన్నెలోకి తీశాడు. ఇంకా అయిదిళ్ళు మిగిలే ఉన్నాయట. ముసుగు చంకలో పెట్టుకొని, గంటలు మోగకుండా చేత్తో పట్టుకొని, నేరుగా తన ఇంటికి పోయాడు.

ఆరో తేదీ, పాల వేళ

తెల్లవారి లేస్తూనే పిల్ల ఒళ్ళు పట్టి చూశాను. జ్వరం లేదు. రెండు ముద్దలు సంగటి తిన్నది. తల్లితో మాత్రం మాట్లాడలేదు.

మేము స్టేషనుకు పోయే దారీ, మరియా పాలు పోసే దారీ ఒకటే. ఆమె పాల క్యాను పట్టుకొని ముందు, మేము పక్కన, లీనా పదడుగులు వెనక. కథ అప్పటికే ఊరంతా తెలిసిపోయింది. మరియా ఇంట్లో దిగిన నల్లవాళ్ళు పండుగ చెడగొట్టారని. మొదటి రెండిళ్ళవాళ్ళు మాట లేకుండా పాలు పోయించుకున్నారు. మూడో ఇంటివాళ్ళు తలుపు తీయలేదు. నాలుగోది పంతులుగారిది. కిటికీ తెర కదిలింది. తలుపు మాత్రం కదలలేదు. మరియా ఒకసారి తట్టి, కాసేపు చూసి, క్యాను ఎత్తుకుంది.

వెనకనున్న లీనా తల్లి దగ్గరికి వచ్చింది.

"యాల పోతాండావమా?"

"తియ్యరు పాపా. పంతులు తియ్యకుంటే ఈ వీధిలో ఇంక ఎవురూ తియ్యరు. ఊరు పట్టుకుంటే వదల్దు."

లీనా వెక్కిరింపుగా కాదు, తెలుసుకుందామనే అడిగింది:

"ఊరికి గూడా బుట్ట ఉంటాదా అమా?"

మరియా కూతురి ముఖం కేసి చూసింది. తర్వాత క్యాను మంచులో దించి, తిరిగి వెళ్ళి తలుపు తట్టింది. ఈసారి వేళ్ళతో కాదు, పిడికిలితో. గౌసు కూడా మూట దించాడు. రైలు పోతే పోనీ అని ఇద్దరమూ అక్కడే నిలబడ్డాము.

తలుపు తెరుచుకుంది. పంతులుగారు ముందు వీధి అటూ ఇటూ చూశాడు, ఆయన చేతిలో ఖాళీ పాలగిన్నె ఉంది. చాలాసేపటినుంచే అది పట్టుకొని ఆయన తలుపు వెనక నిలబడి ఉన్నట్లుంది.